కోహిమా వార్ సిమెట్రీలో మా అమ్మమ్మ అన్నయ్య పేరు దొరకలేదు. మనవాళ్లను అక్కడ పూడ్చలేదా?

కొవ్వూరు అమ్మాయి అడిగిన ప్రశ్న:

నమస్తే అండీ. మొన్న డిసెంబరులో మావారూ నేనూ నాగాలాండ్ వెళ్లొచ్చాం. ఇంట్లో అందరికీ హార్న్‌బిల్ పండగ చూడ్డానికని చెప్పాం గానీ, నా మనసంతా కోహిమా ఊళ్లో ఉన్న యుద్ధకాలం నాటి సిమెట్రీ మీదే ఉంది.

కారణం మా అమ్మమ్మ. ఆవిడకిప్పుడు 91 ఏళ్లు. ఆవిడ పెద్దన్నయ్య రెండో ప్రపంచ యుద్ధంలో మిలిటరీ లారీ డ్రైవరు. 1944లో పోయాడు. అప్పటికి అమ్మమ్మకి పదేళ్లు. ఆయన పోయినట్టు వచ్చిన కాగితం ఇప్పటికీ ఆవిడ ట్రంకు పెట్టెలో పట్టుచీర మడతలో ఉంటుంది. మడతలు పడ్డచోట చిరిగి నాలుగు ముక్కలైతే, మా తాతయ్య వెనకాల అట్ట పెట్టి అంటించాడట. అందులో ఒక నంబరు ఉంది. డ్రైవర్ అని ఉంది. ఆర్.ఐ.ఏ.ఎస్.సి. అని ఐదు ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. కింద ‘మణిపూర్ రోడ్’ అని ఉంది. తారీకు ఉన్నచోటే చిరిగింది, నెల కూడా తెలీదు.

కోహిమాలో రెండు గంటలు వరస వరసా తిరిగాను. రాతి దిమ్మల మీద చిన్న చిన్న కంచు పలకలు, వాటి మీద పేరు, వయసు. 19, 21, 24... అన్నీ చిన్న వయసులే. దాదాపు అన్నీ ఇంగ్లీషు పేర్లే. అక్కడక్కడా ముస్లిం పేర్లు కనిపించాయి. మన పేరనిపించేది ఒక్కటి కూడా లేదు. చీకటి పడుతుంటే గేటు దగ్గర కూర్చుని ఏడ్చేశాను, దాచుకోవడం దేనికి.

ఇంటికొచ్చి దొరకలేదని చెబితే అమ్మమ్మ ఒక్కటే మాట అంది. “కూలీనాలీ చేసుకునే వాళ్లం, మావాడికెవరు కడతారే సమాధి?” ఆ మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఆ సిమెట్రీ తెల్లవాళ్ల కోసమేనా? మనవాళ్ల పేర్లు ఎక్కడైనా ఉన్నాయా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

మాజీ సుబేదార్ జవాబు:

అమ్మా, మీరు కొండ పైదాకా ఎక్కారా? మీరు రాసినదాన్ని బట్టి ఎక్కలేదనే అనుకుంటున్నాను. అందులో మీ తప్పేం లేదు. నేను ఆర్మీలో 28 ఏళ్లు చేసి రిటైరయ్యాను, అందులో మూడేళ్లు కోహిమా దగ్గరే పోస్టింగ్. మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ మీలాగే సగంలోంచి దిగి వచ్చేశాను.

ఆ సిమెట్రీ మెట్లు మెట్లుగా ఉంటుంది కదా, ఒక్కో అంతస్తుకీ మధ్య నిలువెత్తు కంటే ఎక్కువే తేడా. సమాధులన్నీ ఆ అంతస్తుల మీద ఉంటాయి. అవన్నీ దాటి, అన్నిటికంటే ఎత్తయిన చోట ఇంకో కట్టడం ఉంది. దాన్ని కోహిమా క్రిమేషన్ మెమోరియల్ అంటారు. హిందువులు, సిక్కులు అయిన 917 మంది సైనికుల పేర్లు అక్కడ ఉన్నాయి. వాళ్లని పూడ్చలేదు, మన ఆచారం ప్రకారం దహనం చేశారు. పూడ్చనివాళ్లకి సమాధి ఉండదు కాబట్టి, పేర్లన్నీ ఒకచోట చేర్చి ఆ కొండ నెత్తిన పెట్టారు. కింద ఉన్న సమాధులు 1,420. వాటిలో కూడా 330 అవిభక్త భారతదేశం వాళ్లవే. ముస్లింలు, క్రైస్తవులు. మీరు చూసిన ముస్లిం పేర్లు వాళ్లవి.

అంటే మీరు మనవాళ్లని వెతికింది వాళ్లు ఉండని చోట. మీ అమ్మమ్మగారికి ఈ మాట ముందు చెప్పండి.

ఇక ఆ స్థలం సంగతి. యుద్ధమయ్యాక ఎక్కడో ఖాళీ జాగా చూసి కట్టిన సిమెట్రీ కాదది. యుద్ధం జరిగిన నేలే అది. ఆ కొండని గారిసన్ హిల్ అంటారు. దాని మీద అప్పట్లో డిప్యూటీ కమిషనర్ బంగళా, ఆ బంగళాకో టెన్నిస్ కోర్టు ఉండేవి. 1944 ఏప్రిల్ మొదటి వారంలో జపాన్ 31వ డివిజన్ బర్మా కొండలు దాటి వచ్చి కోహిమాని చుట్టుముట్టింది. లోపల ఉన్నది సుమారు 2,500 మంది. వాళ్లలో చాలామంది తుపాకీ పట్టే పని లేనివాళ్లు. ఊరి చుట్టూ ఒక్కో గుట్టా పోయి చివరికి ఈ కొండ మిగిలింది. టెన్నిస్ కోర్టుకి ఈ పక్కన మనవాళ్లు, ఆ పక్కన జపాన్ వాళ్లు. గ్రెనేడ్ చేత్తో విసిరితే అవతల పడేంత దూరం. నీళ్లు కొలిచి పోసేవారు. ఏప్రిల్ 18న మొదటి సాయం అందేదాకా అలాగే నిలబడ్డారు. ఆ తర్వాత కూడా టెన్నిస్ కోర్టు చేతికి రావడానికి మే 13 దాకా పట్టింది, అదీ ఒక ట్యాంకుని పై నుంచి కోర్టులోకి దింపితేనే. జూన్ 22న కోహిమా నుంచి కిందికి దిగినవాళ్లూ, ఇంఫాల్ నుంచి పైకి వచ్చినవాళ్లూ 109వ మైలురాయి దగ్గర కలిశారు. అప్పటికి గానీ రోడ్డు తెరుచుకోలేదు.

బంగళా పోయింది. కోర్టు మాత్రం ఉంది. నేల మీద తెల్ల సిమెంటు గీతలు చూసే ఉంటారు, పిల్లలు ఆడుకోవడానికి గీసినట్టు ఉంటాయి. ఆ గీతలు అప్పటి కోర్టు హద్దులే. దాని పక్కన ఒక చెర్రీ చెట్టు. జపాన్ వాళ్లు దాని మీదెక్కి గురిచూసి కాల్చేవారట. అసలు చెట్టు యుద్ధంలో కూలిపోయింది, ఆ మొదలు నుంచి మొలిచిందే ఇప్పుడున్నది. నేను ఆదివారాలు ఆ చెట్టు కింద కూర్చునేవాణ్ణి. ఓ పొద్దున తోటమాలి ఒకతను తడిగుడ్డతో కంచు పలకలు ఒక్కోటీ తుడుచుకుంటూ వస్తున్నాడు. పొగమంచుకి అక్షరాల గాడుల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి. గుడ్డ చివర మెలిపెట్టి, ఆ మొనతో ఒక్కో అక్షరంలోంచి నీళ్లు తీస్తున్నాడు. చూసేవాళ్లు ఎవరూ లేరక్కడ. నేనున్న సంగతి కూడా అతను గమనించలేదు.

మీ కాగితం గురించి రెండు విషయాలు. ఆర్.ఐ.ఏ.ఎస్.సి. అంటే రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్. రేషను, పెట్రోలు, మందుగుండు మోసే దళం. ఇప్పటి ఆర్మీ సర్వీస్ కోర్ అదే. ‘మణిపూర్ రోడ్’ అంటే మణిపూర్‌లో రోడ్డు అని కంగారు పడకండి. అప్పట్లో దిమాపూర్ రైల్వే స్టేషన్ పేరే మణిపూర్ రోడ్. రైల్లో వచ్చిన సామానంతా అక్కడే దిగేది. అక్కణ్ణుంచి కోహిమాకి 46 మైళ్లు, ఇంఫాల్‌కి 130 మైళ్ల పైన, అంతా ఘాట్ రోడ్డు. మీ తాతగారు ఆ రోడ్డు మీద లారీ తోలి ఉంటారు. ఆ మలుపుల్లో నేనూ వెళ్లాను. ఇప్పటి బళ్లకే కష్టం. ఆ రోజుల్లో, అదీ వానాకాలంలో, రాత్రిపూట దీపాలు ఆర్పేసి తోలినవాళ్లకి నేను చెయ్యెత్తి దండం పెడతాను.

వెతకడం ఎలా అంటారా. ఈ సిమెట్రీలని చూసుకునే సంస్థ కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్. దాని వెబ్‌సైట్‌లో రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ పోయినవాళ్లలో 17 లక్షల మంది వివరాలున్నాయి. ఫ్రీగానే చూడొచ్చు. పేరుతో వెతక్కండి. మన పేర్లని ఆ గుమస్తాలు చెవికి ఎలా వినబడితే అలా రాశారు. వెంకటేశ్వర్లు అన్న పేరే నాలుగు రకాలుగా చూశాను. మీ దగ్గర సర్వీస్ నంబరు ఉంది, అది బంగారం. నంబరుతో వెతకండి.

చరిత్ర విద్యార్థి జవాబు:

సుబేదార్ గారూ, మీ మీద గౌరవంతోనే ఒక మాట. ఈ కమిషన్ 1917లో పుట్టినప్పటి నుంచీ చెప్పే సూత్రం ఒకటుంది: హోదా, జాతి, మతం తేడా లేకుండా అందరికీ ఒకేలాంటి గుర్తు. వినడానికి బాగుంటుంది. కానీ మొదటి ప్రపంచ యుద్ధంలో ఇది జరగలేదని ఆ కమిషనే 2021లో రిపోర్టు ఇచ్చి ఒప్పుకుంది. 45,000 నుంచి 54,000 మందిని మిగతావాళ్లతో సమానంగా గుర్తుంచుకోలేదు. వాళ్లలో ఎక్కువమంది భారతీయులు, ఆఫ్రికన్లు. ఇంకో 1,16,000 మందికి, బహుశా 3,50,000 దాకా, పేరుతో గుర్తే లేదు, కొందరికైతే అసలు ఏ గుర్తూ లేదు. బ్రిటన్ రక్షణ మంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. కాబట్టి ఆ అమ్మమ్మగారి అనుమానం ఊరికే వచ్చింది కాదు. పేదవాళ్లకి ఆ అనుమానం అనుభవం నుంచే వస్తుంది.

ఇంకో సంగతి. అదే 1944 ఏప్రిల్‌లో, ఇదే నేల మీద అవతలి పక్కన కూడా మనవాళ్లున్నారు. ఆజాద్ హింద్ ఫౌజ్ ఏప్రిల్ 14న మణిపూర్‌లోని మొయిరాంగ్‌లో జెండా ఎగరేసింది. వాళ్లకి వరసలుగా కట్టిన ఇలాంటి సిమెట్రీ ఎక్కడుంది? సింగపూర్‌లో 1945 జూలైలో నేతాజీ వాళ్ల కోసం స్మారకానికి పునాది వేస్తే, తిరిగొచ్చిన బ్రిటిష్ వాళ్లు దాన్ని కూలగొట్టేశారు. ఈ ముక్క కూడా ఈ చర్చలో ఉండాలనిపించి రాశాను.

మాజీ సుబేదార్ జవాబు:

బాబూ, మంచి మాట రాశావు. నాకేం కోపం లేదు. మొదటి యుద్ధంలో జరిగింది అన్యాయం, అందులో రెండో మాట లేదు. ఫౌజ్ వాళ్ల సంగతీ నిజమే. మొయిరాంగ్ వెళ్లి, అక్కడ కూడా బూట్లు విప్పి సెల్యూట్ కొట్టి వచ్చాను.

అయితే కోహిమా గురించి నా కళ్లతో చూసింది చెబుతాను. అక్కడ జాన్ హార్మన్ అని లాన్స్ కార్పొరల్ సమాధి ఉంది. రాయల్ వెస్ట్ కెంట్ రెజిమెంట్. వాళ్ల నాన్నకి ఇంగ్లండులో లండీ అని సొంతంగా ఒక దీవే ఉండేది. అంత డబ్బున్న ఇంటి బిడ్డ 1944 ఏప్రిల్ 9న ఆ కొండ మీద పోయాడు, విక్టోరియా క్రాస్ ఇచ్చారు. అతని పలకా పక్కవాడి పలకా ఒకటే సైజు. పతకం గుర్తు ఒక్కటే తేడా. శవాల్ని ఇంటికి పంపడం ఎవరికీ లేదు, డబ్బున్నవాడికీ లేదు. ఎక్కడ పోతే అక్కడే.

నాగాల మాట కూడా చెప్పాలి. గాయపడ్డవాళ్లని మోసింది వాళ్లు, దారి చూపింది వాళ్లు. గేటు దగ్గర కింద నిలబెట్టిన పెద్ద రాయి ఉంది చూశారా, మా గురించి ఇంటికెళ్లి చెప్పండి, మీ రేపటి కోసం మా నేటిని ఇచ్చాం అని చెక్కిన రాయి? అది బ్రిటిష్ 2వ డివిజన్ వాళ్లది. నాగాలు తమ పెద్దల గుర్తుగా నిలబెట్టే రాళ్లలాగే ఉంటుంది. పర్యాటకులు దాని ముందు ఫొటో దిగి వెళ్లిపోతారు. పైన ఉన్న 917 పేర్ల దాకా ఎక్కేవాళ్లు తక్కువ. నా బాధల్లా అదే. ఎవరు కోహిమా వెళ్తున్నామన్నా నేను చెప్పేది ఒక్కటే, పైదాకా ఎక్కమని.

కొవ్వూరు అమ్మాయి:

దొరికారండీ! రాత్రి పదకొండింటికి నంబరు కొట్టగానే ఒకే ఒక్క పేరొచ్చింది. పేరులో మూడు అక్షరాలు తప్పు, ఇంటిపేరు లేదు. కానీ నంబరు అదే, డ్రైవర్, అదే దళం. 1944 మే నెల. చేతులు వణికాయి.

కానీ కోహిమా కాదు. ‘రంగూన్ మెమోరియల్’ అని ఉంది, మయన్మార్‌లో టౌక్‌చాన్ అనే చోట. ఆయన రంగూన్ దాకా ఎలా వెళ్లారు? 1944లో అది జపాన్ వాళ్ల చేతిలో ఉంది కదా? ఏమీ అర్థం కావడం లేదు. పొద్దున్నే అమ్మమ్మకి చెప్పాలి, ఏమని చెప్పను?

యాంగాన్‌లో ఉన్న బాబాయ్ జవాబు:

అమ్మాయీ, నేను ఉద్యోగం మీద యాంగాన్‌లో, అంటే ఒకప్పటి రంగూన్‌లో, రెండేళ్లున్నాను. టౌక్‌చాన్ ఊరికి ఉత్తరంగా బాగో వెళ్లే దారిలో ఉంటుంది. మూడుసార్లు వెళ్లాను. మీ తాతగారు రంగూన్ వెళ్లలేదమ్మా. అక్కడ ఆయన పేరు ఒక్కటే ఉంది.

అది రెండు రకాల చోటు. చుట్టూ 6,374 సమాధులు. యుద్ధమయ్యాక బర్మాలో వేర్వేరుచోట్ల ఉన్న సమాధుల్ని తవ్వి ఇక్కడికి చేర్చారు. వీటి మధ్యలో పొడుగ్గా స్తంభాల వరస, నడుమ గుండ్రటి మండపం. అదే రంగూన్ మెమోరియల్. ఆ స్తంభాల నిండా దాదాపు 27,000 పేర్లు, చాలామట్టుకు మన భారత సైన్యం వాళ్లవే. బర్మాలోనూ, అస్సాంలోనూ పోయి, శరీరం దొరకనివాళ్లు, ఎక్కడ ఏమైందో తెలియనివాళ్లు. అప్పట్లో కోహిమా, దిమాపూర్ అన్నీ అస్సాం కిందే లెక్క. అందుకే అంత దూరాన పోయినవాళ్ల పేరు ఇక్కడికొచ్చింది.

తోటివాళ్లకి దక్కిన అంత్యక్రియలు యుద్ధం వల్ల వీళ్లకి దక్కలేదు అని అక్కడ ఉన్నదున్నట్టు రాశారు. వీళ్లు స్వేచ్ఛ కోసం ప్రాణాలిచ్చారన్న వాక్యం ఇంగ్లీషు, బర్మీస్, హిందీ, ఉర్దూ, గురుముఖి అక్షరాల్లో చెక్కి ఉంటుంది. తెలుగు లేదు. పేర్లు మాత్రం చదువుకుంటూ పోతే రామస్వామిలు, నరసయ్యలు, అప్పన్నలు తగులుతూనే ఉంటారు. మొదటిసారి నేను ఒక స్తంభం దగ్గర నిలబడి అలా చదువుతూ చదువుతూ ఎండలో గంటన్నర ఉండిపోయాను. రికార్డులో ఫేస్ నంబరు అని ఉంటుంది చూడు, ఆయన పేరు ఏ పలక మీద ఉందో అదే. నంబరు పంపితే అక్కడున్న మావాళ్లతో ఫొటో తీయించి పంపిస్తాను.

అమ్మమ్మగారికి ఉన్నమాటే చెప్పమ్మా. ఆ వయసువాళ్లు అన్నీ తట్టుకుంటారు.

కొవ్వూరు అమ్మాయి:

ఉన్నదున్నట్టే చెప్పాను. పక్కన కూర్చుని, ఫోన్‌లో పేరు పెద్దది చేసి చూపించాను. ఇంగ్లీషు రాదు కదా, వేలు పెట్టి ఇదీ అన్నయ్య పేరు అన్నాను. ఆవిడ మొదట అడిగింది ఒకటే. “అయితే దహనం కూడా కాలేదన్నమాట.” లేదమ్మమ్మా, శరీరం దొరకలేదు అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. లారీతో పాటు లోయలో పడి ఉంటాడు, వాడికి చిన్నప్పటి నుంచీ బండి నడపడమంటే పిచ్చి అని తనలో తను అనుకుంది.

నేను ఇంకా కిందికి చూడలేదు అప్పటికి. పేరు కింద చిన్న అక్షరాల్లో ఇంకో లైను ఉంది. ఫలానా ఆయన కొడుకు అని మా ముత్తాత పేరు. తర్వాత మా ఊరి పేరు, అది కూడా వంకరగానే రాశారు. ఈ రెంటికీ మధ్యలో, ఫలానా ఆమె భర్త అని ఇంకో పేరు. ఆ పేరు మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. ఆయనకి పెళ్లయిందని మా అమ్మక్కూడా తెలియదు.

చదివి వినిపించాను. అమ్మమ్మ ఒక్కసారిగా లేచి కూర్చుంది.

“వదిన పేరు కూడా రాశారా?”

పెళ్లయిన ఆరు నెలలకే ఆయన డ్యూటీకి వెళ్లిపోయాడట. కబురొచ్చాక ఆ అమ్మాయిని పుట్టింటివాళ్లు తీసుకెళ్లారు, మళ్లీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అమ్మమ్మకి ఆవిడే జడ వేసేదట. ఆ పేరుని నాతో మూడుసార్లు చదివించుకుంది. తర్వాత ఆ ట్రంకు పెట్టె తెప్పించి, కాగితం తీసి, దాని వెనక అట్ట మీద ఆ పేరు తెలుగులో రాయమంది. రాశాను.

బాబాయ్ గారూ, ఫేస్ నంబరు మీకు మెసేజ్ పెట్టాను. సుబేదార్ గారూ, వచ్చే ఏడాది మళ్లీ కోహిమా వెళ్తాం. ఈసారి పైదాకా ఎక్కుతాను.